పదకొండు నోళ్లలో ఒకే నవ్వు

మంగళవారం

నేను నోరు తెరవకముందే నా సంగతి కనిపెట్టే అక్కకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటంటావా? నా ఫోను మీ మరిది బట్టల బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన జేబులో ఉంది. మూడు వారాలదాకా ముట్టుకోకూడదట. మా డాక్టరుగారి ఆజ్ఞ. ఉత్తరాలు రాయొద్దని మాత్రం ఆయన అనలేదు, మర్చిపోయినట్టున్నారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను, మధ్యలో అడ్డు తగలకు. పదహారేళ్లుగా ఆయన క్లినిక్కు వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్లు చేస్తున్నదాన్ని, ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా మాట పడలేదు. ఆరు నెలల క్రితం నా పక్క బల్ల ఆవిడ పురిటికి వెళ్లింది. ఇంకొకరిని పెట్టుకుందామని డాక్టరుగారన్నారు. నేనే వద్దన్నాను. "నేను చూసుకుంటాను సార్" అన్నాను. నీకు తెలుసుగా, ఆ మాట నాకు ఊతపదం. ఇంట్లో అత్తయ్య మందులు నేనే చూసుకుంటాను, మీ మరిది ఆఫీసు కాగితాలు నేనే చూసుకుంటాను, మేడ మీద నీళ్ల ట్యాంకు నిండిందో లేదో నేనే చూసుకుంటాను. రెండు బల్లల పని కూడా అందులో కలిసిపోయింది. పొద్దున ఎనిమిదికి పళ్లు పేర్చే మైనం కరిగించడం మొదలుపెడితే, కొలిమి ఆర్పి లేచేసరికి వీధి దీపాలు వెలిగేవి. అన్నం తిన్నానో లేదో డబ్బా మూత తీసి చూస్తేగానీ తెలిసేది కాదు.

బుర్ర పనిచెయ్యడం మానేసింది అక్కా. ఒకరోజు మీ మరిదిని లోపల ఉంచి బయట తాళం వేసుకుని వెళ్లిపోయాను. ఆయన కిటికీలోంచి ఎదురింటివాళ్లని పిలిచి బయటపడ్డాడు. ఇంకోరోజు కళ్లజోడు కోసం ఇల్లంతా గాలించాను, ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన దొరికింది. అన్నిటికంటే ఘోరం, అత్తయ్య ఏదో నవ్వుతూ చెబుతుంటే, "కాస్త కింది పెదవి దించండత్తయ్యా, కింది వరస కనబడటం లేదు" అన్నానట. ఆవిడ రెండు రోజులు నా ముందు నవ్వలేదు.

ఇక అసలు సంగతి. మొన్న కాదు, ఆ ముందు శుక్రవారం డాక్టరుగారు నన్ను ముందు గదిలోకి పిలిచారు. బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకొకావిడ బట్టలు కుట్టే పెద్దావిడ. ఇద్దరికీ నేనే సెట్లు చేశాను. ఒకరికొకరు ఏమీ కారు. కాసేపటి క్రితం ఏదో మాటకి ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుని, ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారట. చీటీలు రాసే అమ్మాయి "మీరిద్దరూ అన్నాచెల్లెళ్లా అండీ?" అని అడిగిందట.

డాక్టరుగారు నన్ను లోపలికి తీసుకెళ్లి బల్ల మీద ఫోటోలు పరిచారు. పళ్లు పెట్టాక తీసే ఫోటోలు. ఈ రెండు నెలల్లో నేను చేసిన పూర్తి సెట్లు పదకొండు. పదకొండు మొహాలు, ఒకే నవ్వు. నీకు చెప్పానుగా, పళ్లని గీత గీసినట్టు పేరిస్తే కట్టుడు పళ్లని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని మనిషి మొహాన్నిబట్టి ఒక పన్ను వెంట్రుకవాసి తిప్పుతాం, ఇంకోటి కాస్త దించుతాం. ఆ తిప్పడంలోనే మా పనితనమంతా. నేనేమో ఆడా మగా చూడకుండా పదకొండుమందికీ ముందు రెండు పళ్ల మధ్య గోరంచు పట్టేంత సందు పెట్టాను. కుడి పన్ను ఎడమదాని మీదికి కొద్దిగా వాల్చాను. నేను పెట్టినట్టు నాకే తెలీదు.

"ఎవరి నవ్వమ్మా ఇది?" అన్నారాయన.

"ఎవరిదీ కాదు సార్. పొరపాటు జరిగింది."

"పొరపాటు ఒకసారి జరుగుతుంది. ఇంత కచ్చితంగా పదకొండుసార్లు పొరపాటు చెయ్యడం నా వల్ల కూడా కాదు. ఇంటికెళ్లి పడుకో. మూడు వారాలు ఇటువైపు రాకు."

ఆయన మంచిగానే అన్నారు. నాకు మాత్రం క్లాసులోంచి బయట నిలబెట్టినట్టయింది. పనిబట్ట విప్పి మేకుకి తగిలిస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. ఇంకా చాలా రాయాలి, కానీ అత్తయ్య నా చేతిలో పెన్ను చూసి, "అది కూడా పనే" అంటోంది.

నీ బుడంకాయ్


బుధవారం

అక్కా,

నిన్నటి ఉత్తరానికి జవాబు రాకముందే ఇంకోటి రాస్తున్నాను. నీకు ఓపిక లేకపోయినా చదవాలి, చిన్నదాన్ని కాబట్టి నాకా హక్కుంది.

సెలవు మొదలై పన్నెండు రోజులైంది. మొదటి రెండు రోజులూ ఏంచేశానో తెలుసా? వంటింటి అరలన్నీ దించి కడిగాను. బీరువాలు సర్దాను. కిటికీ ఊచలు తుడిచాను. సాయంత్రం మీ మరిది వచ్చి, కుర్చీ మీద నిలబడి ఫ్యాను రెక్కలు తుడుస్తున్న నన్ను చూసి తల పట్టుకున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు కదా, నీతులన్నీ అందులోంచే వస్తాయి. "బరువెక్కువైతే లిఫ్టు కదలదు. తలుపు తెరుచుకుని, కుయ్యిమంటూ అక్కడే ఉంటుంది. దానికున్న ఇంగితం నీకు లేకపోయె" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మాట మాత్రం నిజమే.

మూడో రోజు అత్తయ్య పగ్గాలు చేతిలోకి తీసుకుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో రెండు కుర్చీలు వేసి, ముందు రెండు స్టూళ్లు పెట్టి, "కాళ్లు పైన పెట్టి కూర్చో" అంది.

"కూర్చుని ఏంచెయ్యాలత్తయ్యా?"

"ఏం చెయ్యకూడదు."

"ఎంతసేపు?"

"ఎంతసేపని అడక్కూడదు."

ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు అక్కా. కాళ్లు వాటంతటవే కిందికి దిగిపోయేవి. వీధిలో పోయేవాళ్లు నోరు తెరిస్తే చాలు, నా కళ్లు పైవరస కొలిచేవి. అత్తయ్య ఓరకంటితో కనిపెట్టి, "పళ్లు చూడకు, చెప్పులు చూడు" అనేది. నాలుగో రోజు ఆ కుర్చీలోనే కునుకు పట్టింది. ఆవిడ లేపి మంచం ఎక్కించింది. కళ్లు తెరిచేసరికి మర్నాడు పొద్దున పదయింది. ఇంట్లో చడీచప్పుడు లేదు. మీ మరిది చెప్పులు చేత్తో పట్టుకుని పనికి వెళ్లాడట. పక్కింటావిడ నాకోసం వస్తే అత్తయ్య గుమ్మంలోనే ఆపి, "మా కోడలు పనిలో ఉంది, నిద్రపోతోంది" అని చెప్పి పంపించిందట. ఆ మాట విని ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. చాలా రోజులకి కడుపునొప్పి వచ్చేలా నవ్వాను.

ఇప్పుడు పొద్దున్నే కాసేపు నడుస్తున్నాను. అన్నం వేడిగా తింటున్నాను, రుచి తెలుస్తోంది. అత్తయ్య తన మందులు తనే వేసుకుంటోంది, ఎప్పుడూ తనకి తెలుసట, నేను అడగనివ్వలేదట. నీళ్ల ట్యాంకు నేను చూడకపోయినా నిండుతోంది.

కానీ మనసులో ముల్లు మాత్రం పోలేదు. అది ఎవరి నవ్వు? మన ఇంట్లో నాన్న దగ్గర్నుంచి అందరికీ ముందుపళ్ల మధ్య సందే కదా, మనవాళ్లలోనే ఎవరిదో అయి ఉంటుందని ఆల్బములు దించాను. పని కాదు, ఊరికే. అత్తయ్య చూడకుండా స్కేలు తెచ్చుకున్నాను. నాన్నది మరీ వెడల్పు. మేనత్తది పక్క పన్ను లోపలికి ఉంది. చిన్నాన్న మీసంలో ఏదీ కనబడదు. తాతయ్య, నువ్వు, మన పెద్దన్న, చివరికి నీ కొడుకు, ఏడుగురిని చూశాను, ఎవరిదీ కాదు. నిన్న ఆ కుట్టే పెద్దావిడ కొట్టు ముందునుంచి నడుస్తుంటే ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది. అక్కడే నిలబడిపోయాను అక్కా. ఎంతో దగ్గరి మనిషి పలకరించినట్టు అనిపించింది, ఆ మనిషెవరో తెలీలేదు. పిచ్చెక్కుతోందేమోనని భయమేసింది.

ఇంకో మాట నీకొక్కదానికే చెబుతున్నాను. మీ మరిదికి కూడా తెలీదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చే సోమవారం ఆ పదకొండుమందినీ పిలిపించి, కొత్త సెట్లు చేస్తామని చెబుతారట డాక్టరుగారు. ఒక్క గంట నన్ను రమ్మని కబురుపెట్టారు. వాళ్లకి క్షమాపణ చెప్పుకుని, ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి వచ్చేస్తాను. ముసలివాళ్లు నోట్లో పెట్టుకునే వస్తువు. నా వేళ్లు నాకు తెలీకుండా ఏదో చేస్తుంటే, మళ్లీ ఆ మైనం ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఆ పనంటే నాకు ప్రాణం. అది పోతే నేనేమిటో నాకు తెలీదు.

అది ఎవరి నవ్వో నీకేమైనా తడితే రాయి. తట్టకపోయినా రాయి.

నీ బుడంకాయ్


శుక్రవారం

నా బుడంకాయ్ గారికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. మా డ్రైవింగ్ స్కూలు గదిలో కూర్చుని చదువుతుంటే, కారులో నాకోసం ఎదురుచూస్తున్న శిష్యుడు హారను కొట్టీ కొట్టీ చివరికి ఇంజను ఆపేసి నిద్రపోయాడు. వాడికి నీకంటే బుద్ధుంది.

రాజీనామా గురించి తర్వాత మాట్లాడదాం. ముందు నీ లెక్క చూడు. నాన్న, మేనత్త, చిన్నాన్న, తాతయ్య, నేను, పెద్దన్న, నా కొడుకు. ఏడుగురిని కొలిచావు. ఇంట్లో ఇంకెవరూ లేరా? ఆలోచించి చూడు.

తట్టదని నాకు తెలుసు. అందుకే ఈ పార్సిలు కూడా పంపిస్తున్నాను. తువ్వాలు జాగ్రత్తగా విప్పు, లోపల ప్లాస్టరు అచ్చు ఉంది. నువ్వు పని నేర్చుకోవడానికి చేరిన మొదటి వారంలో ఎవరి నోటి అచ్చు వాళ్లనే తియ్యమన్నారు. నువ్వు తీశావు, తీసి ఒక్కసారైనా సరిగ్గా చూడకుండా "ఈ దరిద్రం నాకొద్దు, నువ్వు పారెయ్" అని నా చేతిలో పెట్టావు. నేను పారెయ్యలేదు. పదహారేళ్లుగా మా ఆఫీసులో లైసెన్సు దరఖాస్తులు గాలికి ఎగరకుండా దాన్నే పెడుతున్నాను. కొత్తవాళ్లు జడుసుకుంటారు, నాకు సరదా. ఆ తర్వాత నీ పెళ్లికి రెండు నెలల ముందు, ఎవరూ అడక్కుండానే, పన్ను రంగు పూత పెట్టించుకుని ఆ సందు మూయించేసుకున్నావు.

నువ్వు దాన్ని ఎప్పుడూ చూడలేదే. అద్దం ముందు నోరు బిగించుకునేదానివి. ఏ ఫోటో తీసినా నీ చెయ్యి నోటికి అడ్డం. నా పెళ్లి ఆల్బములో అందరూ నవ్వుతుంటే నువ్వొక్కదానివి తుమ్మబోతున్నదానిలా ఉంటావు. నువ్వు నవ్వితే ఎలా ఉండేదో చూసినవాళ్లం మేము. ఎడమవైపు పెదవి ముందు లేచేది, తర్వాత ఆ వంకర పన్ను తొంగిచూసేది. అమ్మ ఎంత కోపంలో ఉన్నా ఆ పన్ను కనబడితే చేతిలో గరిటె దింపేసేది.

కిందటేడు నేను మీ ఇంటికొచ్చి నాలుగు రోజులున్నాను, గుర్తుందా? నాలుగు రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా నవ్వలేదు. పెట్టావు, పోశావు, నా చీర ఇస్త్రీ చేయించావు, నా టిక్కెట్టు నువ్వే తీశావు. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చాక మీ బావగారు అడిగితే కంట్లో నలక పడిందన్నాను. అప్పుడే నిన్ను పట్టుకుని అడగాల్సింది. అడగలేదు, తప్పు నాది కూడా.

నీ చేతులు పాడవలేదు పిచ్చిదానా. నువ్వు నీ మొహం మీంచి వెళ్లగొట్టినదాన్ని అవి తీసుకెళ్లి ఊళ్లోవాళ్ల నోళ్లలో దాచిపెట్టాయి. అంతకంటే నమ్మకమైన చేతులు ఎవరికుంటాయి చెప్పు. నీకు ఆ పని నిజంగా విసుగొస్తే నిక్షేపంగా మానెయ్యి, మా స్కూల్లో ఒక కారు ఖాళీగా ఉంది. కానీ ఒళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు రాసిన కాగితాన్ని ఎవరి చేతిలోనూ పెట్టకు. సోమవారం పొద్దున కడుపునిండా తిని, ఇంకోసారి చదువుకుని, అప్పటికీ అదే నిజమనిపిస్తే ఇయ్యి.

అచ్చు మాత్రం వెనక్కి పంపించాలి. ఇక్కడ కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయి.

అక్క


సోమవారం, సాయంత్రం

నన్ను లెక్కలో వేసిన అక్కకి,

పార్సిలు శనివారమే వచ్చింది. తువ్వాలు విప్పి, అచ్చుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, చాలాసేపు ఊరికే చూశాను. తర్వాత స్కేలు తీసుకున్నాను. సందు కొలత సరిపోయింది. కుడి పన్ను వాలు సరిపోయింది. ఎడమవైపు చిన్న పన్ను అంచున ఒక నొక్కు ఉంది, పదకొండు సెట్లలోనూ ఆ నొక్కు పెట్టాను. చూసిన గుర్తే లేని వస్తువుని వేళ్లు ఇంత బాగా ఎలా గుర్తుపెట్టుకున్నాయో నాకు అంతుపట్టలేదు. నాలుకకి తెలుసేమో. ఇరవై మూడేళ్లు దాని పక్కనే ఉంది కదా. అత్తయ్య వచ్చి, "ఎవరివే ఇవి, ముచ్చటగా ఉన్నాయి" అంది. నావే అని చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది. చెప్పి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ కారణం అడగలేదు. ఏడుపయ్యాక ఆకలేసింది.

ఇవాళ నువ్వు చెప్పినట్టే కడుపునిండా తిని వెళ్లాను. కాగితం మాత్రం సంచిలో పెట్టుకునే వెళ్లాను, నీ దగ్గర దాపరికం ఎందుకు.

పదకొండుమందిలో తొమ్మిదిమంది వచ్చారు. ముందు గది బెంచీల మీద వరసగా కూర్చున్నారు. డాక్టరుగారు గొంతు సవరించుకుని, పళ్ల అమరికలో చిన్న తేడా వచ్చింది, అందరికీ కొత్తవి చేసిస్తామని చెప్పారు. ముందు లెక్కల మాస్టారు లేచారు.

"తేడా అంటే ఏమిటండీ? నములుడు సరిగ్గానే ఉంది."

"అందరివీ ఒకేలా ఉన్నాయి మాస్టారూ."

మాస్టారు మిగతా ఎనిమిదిమందినీ ఒకసారి కలయజూశారు. వాళ్లూ ఒకళ్ల నోటివైపు ఒకళ్లు చూసుకున్నారు. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలీదు, గది మొత్తం నవ్వేసింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తొమ్మిది చోట్ల నుంచి నా నవ్వు నన్ను చూస్తోంది. బాగుంది అక్కా. ఇన్నాళ్లూ నాకు తెలీకపోవడమేమిటి, నిజంగా బాగుంది.

"మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోటో తీయించుకుంటోందమ్మా ఇప్పుడు. నేనివ్వను" అన్నారు మాస్టారు. కుట్టే పెద్దావిడ, "నాకు దారం కొరకడానికి ఈ సందే హాయిగా ఉంది, దీన్ని మూస్తే నా పనాగిపోతుంది" అంది. ఒకప్పుడు కోర్టులో గుమాస్తాగా చేసినాయన, "నా పళ్లు తీసుకోవాలంటే నోటీసు ఇవ్వండి, జవాబిస్తాను" అన్నాడు. చివర కూర్చున్న ఒకావిడ మాత్రం చెయ్యెత్తి, "నాకు మార్చండమ్మా. సందులోంచి ఈల వస్తోంది, మా ఇంట్లో కుక్క నేను మాట్లాడినప్పుడల్లా పరిగెత్తుకొస్తోంది" అంది. ఆవిడకి మారుస్తానని మాటిచ్చాను. రాని ఇద్దరినీ ఆనక అడుగుతాను. మిగతా ఎనిమిదిమందీ ఇక ఆ విషయం ఎత్తొద్దని నాకు గట్టిగా చెప్పి వెళ్లారు.

అందరూ వెళ్లాక డాక్టరుగారు నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. రెండు బల్లల మీదా పని గుట్టలు పడి ఉంది. మైనం వాసన రాగానే నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి. "చూశావుగా పరిస్థితి. రేపట్నుంచి వచ్చెయ్యకూడదూ?" అన్నారాయన. "నేను చూసుకుంటాను" అన్న మాట నాలిక చివరదాకా వచ్చింది. ఒట్టు, పళ్ల దాకా వచ్చింది. ఆపేశాను.

"ఇంకా వారం సెలవుంది సార్. అదయ్యాకే వస్తాను. వచ్చినా ఒక్క బల్లే చేస్తాను, రెండోదానికి మనిషిని చూడండి" అన్నాను.

ఆయనకి కోపమొస్తుందనుకున్నాను. "ఆ మాట నేను ఆరు నెలల క్రితమే అన్నాను కదమ్మా. నువ్వు ఒప్పుకునేసరికి ఇంతైంది" అన్నారు. తర్వాత తలుపుదాకా వచ్చి, "ఇంతకీ అది ఎవరి నవ్వో తేలిందా?" అని అడిగారు.

"నాదే సార్. ఊరంతా పెట్టుకుని తిరుగుతోంది, నా దగ్గరే లేదు. వచ్చే సోమవారం పనిలో చేరేముందు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఈ పూత తీసెయ్యాలి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా నోటివైపు డాక్టరులాగా చూశారు. తర్వాత చీటీల అమ్మాయిని పిలిచి, సోమవారం తొమ్మిదింటికి మొదటి పేరు నాది రాయమన్నారు.

ఇంటికొచ్చి రెండు గంటలు నిద్రపోయాను. లేచి మీ మరిదికి అంతా చెప్పాను, రాజీనామాతో సహా. ఫోను ఇచ్చేస్తానన్నాడు. ఇంకో వారం బీరువాలోనే ఉండనీ అన్నాను. అచ్చు మాత్రం నీకిప్పుడే పంపను, సోమవారం డాక్టరుగారు దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడాలి. అందాకా నీ దరఖాస్తుల మీద మంచి రాయొకటి పెట్టుకో.

రాస్తుంటే ఇంట్లో కాగితాలు అయిపోయాయి. ఈ ఆఖరి పేజీ వెనక ఇంకేదో రాసి ఉందని నీ కళ్లు అటే వెళ్తాయి, నాకు తెలుసు. "గౌరవనీయులైన డాక్టరుగారికి" అని మొదలవుతుంది. చదువుకుని నవ్వుకో, నాకు తిరిగి పంపనక్కర్లేదు.

నీ చెల్లెలు,
బుడంకాయ్